గాయం కడిగే చేతులకు

నేడు పట్టా అందుకుంటున్న నర్సుల కోసం చేస్తున్న ఈ ప్రసంగం ఒక్క విషయం దగ్గరే నిలుస్తుంది: తమను తాము గాయపరచుకునే బడిపిల్లలు.

స్వీయగాయం అంటే, చాలా సందర్భాలలో చావాలన్న కోరిక లేకుండానే, భరించలేని మనోవేదన నుంచి కాసేపు ఊరట కోసం తన ఒంటికి తానే హాని చేసుకోవడం. దీనిని ‘వేషాలు’ అని కొట్టిపారేసే అలవాటు బళ్లలో ఉన్నా, ఇటువంటి పిల్లలకు మున్ముందు ఆత్మహత్య ముప్పు ఎక్కువని వైద్యశాస్త్రం గుర్తించింది.

గోదావరి జిల్లాల పగటి బడులలో చాలావాటికి సొంత నర్సు లేకపోయినా, 2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల వంటి వసతి బడులలో ఏఎన్ఎం, అంటే ప్రసూతి, శిశు సంరక్షణలో శిక్షణ పొందిన సహాయ నర్సు, పిల్లలకు అందుబాటులో ఉంటుంది. కోనసీమలోని ఒక బాలికల వసతిగృహంలో, ఉక్కపోతలోనూ చున్నీని మణికట్టు దాకా చుట్టుకొనే తొమ్మిదో తరగతి అమ్మాయి తలనొప్పి అంటూ మూడుసార్లు వస్తే, మూడుసార్లూ మాత్ర ఇచ్చి, రిజిస్టరులో ‘తలనొప్పి’ అని రాసి పంపిన నర్సు ఈ ప్రసంగకర్తే. నాలుగోసారి ఆ పిల్ల తానే చెయ్యి చాపింది. ఎందుకు చేశావని నిలదీయకుండా, మెల్లగా గాయం కడుగుతూ ఉండగా మాట దానంతటదే బయటికి వచ్చింది.

ప్రసంగకర్త దిగులంతా ఆ తర్వాతి గంట గురించే. సిక్‌రూములో విన్న మాట రాత్రి భోజనాల వరుసకు చేరితే, ఆ పిల్ల మళ్లీ ఆ గడప తొక్కదు. చేతులు కడుక్కునే పద్ధతిలోని దశలన్నీ నిద్రలో లేపి అడిగినా తప్పులేకుండా చెప్పే ఈ బంగారుతల్లులు, గుట్టు కాపాడడం మాత్రం నేర్వకుండా పట్టా పట్టుకుపోతే ఆ చదువుకు అర్థమేమిటి?

అయితే గుట్టు కాపాడడమంటే దాచిపెట్టడం కాదు. ‘ఎవరికీ చెప్పను’ అని మాట ఇవ్వకుండా, ఎవరికి, ఎందుకు చెప్పవలసి వస్తుందో ముందుగా ఆ పిల్లకే చెప్పాలి. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగాలి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా, పెద్దలను పిలిపించి, కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి వంటి చోట మానసిక వైద్యులకు చూపించాలి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ 14416 నంబరులో రేయింబవళ్లు ఉచితంగా తెలుగులోనే సలహా దొరుకుతుంది. పోలీసు కేసవుతుందని జంకే తల్లిదండ్రులకు, ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగా చూడాలే తప్ప శిక్షించరాదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతున్న సంగతి వివరించాలి.

రిజిస్టరులో ఒకే పేరు పక్కన ‘తలనొప్పి’ రెండోసారి కనబడిన రోజున, నాలుగోసారి దాకా ఆగకుండా, మాత్ర పక్కన పెట్టి, తలుపు దగ్గరికి వేసి, కుర్చీ చూపించి కూర్చోమనే నర్సే ఈ పట్టాకు అర్హురాలు.