బండి నడపడంలో మనకు మనం వేసుకునే మార్కులు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈరోజు సభకు వచ్చిన వాళ్లలో సగానికి పైగా మోటారు సైకిళ్ల మీదే వచ్చారు. బయట చెట్ల కింద నిలిపిన బండ్లే సాక్ష్యం. అందుకే నిర్వాహకులు నాకిచ్చిన ఈ పది నిమిషాల్లో బండి గురించే మాట్లాడుతాను. మనం ఎంత బాగా నడుపుతామో మనకే తెలుసా అన్నది నా ప్రశ్న.

ఓలా స్వెన్సన్ అనే స్వీడన్ పరిశోధకుడు 1981లో ఒక అధ్యయనం ప్రచురించాడు. డ్రైవింగ్‌లో మీ స్థానం ఎక్కడని అడిగితే, అమెరికాలో అడిగిన వాళ్లలో 93 శాతం మంది తాము సగం మంది కంటే మెరుగని చెప్పుకున్నారు. వందమంది ఉన్న తరగతిలో 93 మంది మొదటి యాభై ర్యాంకుల్లో ఉన్నామన్నట్టు! మన పూడూరులో అడిగినా అంతకు తక్కువ రాదని నా అనుమానం. బళ్లో మార్కులు సార్లు వేసేవారు. రోడ్డు మీద మార్కులు మనమే వేసుకుంటాం. తేడా అక్కడుంది.

"ఇరవై ఏండ్ల నుంచి నడుపుతున్నా" అంటాం. కానీ ఒకే పాఠాన్ని ఇరవై సార్లు చదివితే ఇరవై పాఠాలు వచ్చినట్టు కాదు కదా. రోజూ ఇంటి నుంచి పొలానికి, పొలం నుంచి మన్నెగూడ దాకా నడిపిన వాడికి ఆ దారి కంఠతా వస్తుంది. అదే మనిషి వానలో అనంతగిరి ఘాటు దిగుతుంటే, రాత్రి తాండూరు రోడ్డు మీద నాపరాళ్ల లారీ వెనుక పోతుంటే, అది కొత్త పాఠమే.

బండి మారినా అంతే. పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది, పాత బుల్లెట్‌కు గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండేవి. వేరే బండికి అలవాటు పడ్డవాడు దానిమీద ఎక్కితే, ఆపబోయి గేరు తొక్కేవాడు. అమెరికాలో హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 మోటారు సైకిల్ ప్రమాదాలను స్వయంగా పరిశీలించి, అదే 1981లో నివేదిక ఇచ్చింది. ప్రమాదంలో పడ్డవాళ్లకు సగటున దాదాపు మూడేళ్ల అనుభవం ఉంది. కానీ వాళ్లలో సగానికి పైగా ఆ ఫలానా బండి మీద ఐదు నెలలు కూడా నడపలేదు. 92 శాతం మంది సొంతంగానో, ఇంట్లోవాళ్ల దగ్గరో, స్నేహితుల దగ్గరో నేర్చుకున్నవాళ్లే. మనలో మోటారు సైకిల్‌ను శిక్షణ తీసుకుని నేర్చుకున్నది ఎందరు?

కాబట్టి మార్కులు వేసుకునే ముందు మూడు ప్రశ్నలకు జవాబు రాయండి.

మొదటిది: నా బండి ఎంత దూరంలో ఆగుతుంది? 60 వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. ఎదురుగా గేదెను చూసి బ్రేకు మీద చెయ్యి పడేసరికే ఒక సెకను అయిపోతుంది. ఆ తర్వాత కదా బ్రేకు పని మొదలయ్యేది. వేగం రెట్టింపైతే, బ్రేకు వేశాక ఆగడానికి పట్టే దూరం నాలుగింతలు. ముందు బ్రేకు వేస్తే పల్టీ కొడతామని చాలామంది వెనుక బ్రేకే తొక్కుతారు. బండి ఆగేటప్పుడు బరువు ముందు చక్రం మీదికి వస్తుంది, బలంగా ఆపేది అదే. చక్కటి రోడ్డు మీద రెండు బ్రేకులూ కలిపి, మెల్లగా బిగిస్తూ వేయడం సాధన చేయాలి. కంకర మీద, మలుపులో, ఆరబోసిన మక్కల మీద మాత్రం గట్టిగా పడితే చక్రం జారుతుంది. అక్కడికి చేరకముందే వేగం తగ్గించుకోవాలి.

రెండోది: ఈ నెలలో ఎన్నిసార్లు "కొద్దిలో తప్పింది" అనుకున్నాను? మనం దాన్ని మన నైపుణ్యం ఖాతాలో వేసుకుంటాం. నిజానికి అది తగ్గించాల్సిన మార్కు. బాగా నడిపేవాడికి చెప్పుకోవడానికి కథలుండవు. లారీ పక్కకు వస్తుందని ముందే ఊహించి వెనక్కి తగ్గుతాడు.

మూడోది: నేను నేర్చుకున్న రోడ్డు ఇదేనా? అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు, మర్రిచెట్ల నడుమ ఇరుకు దారిలో ఎదురు బండిని చూసి సర్దుకోవడం మనకు అలవాటు. నాలుగు వరుసల రోడ్డు మీద వెనుక నుంచి వచ్చే వేగాన్ని అంచనా వేయాలి. డివైడర్ సందుల దగ్గర అడ్డం తిరిగే ట్రాక్టరును కనిపెట్టాలి. రోడ్డు కొత్తదైతే మనం మళ్లీ ఒకటో తరగతే.

ఇందులో పోయేది మార్కులు కావు. కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లే. హెల్మెట్ లేక పోయినవాళ్లు 50,029 మంది. వీళ్లలో 14 వేలకు పైగా వెనుక కూర్చున్నవాళ్లు. నడిపేవాడి ధీమాకు వెనుక కూర్చున్న భార్యో, బిడ్డో మూల్యం చెల్లిస్తున్నారు.

పిల్లాడు పదో తరగతి పాసయ్యాడని బండి కొనిచ్చే తల్లిదండ్రులకు ఒక మాట. 18 ఏండ్లు నిండకుండా గేరు బండికి లైసెన్సు రాదు. 2019లో సవరించిన చట్టం ప్రకారం, మైనరు నడిపి నేరం జరిగితే సంరక్షకుడికి మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా. చట్టం సంగతి పక్కన పెట్టినా, "మావాడు మస్తు నడుపుతడు" అనే మెప్పు వాడికి మనమిచ్చే దొంగ మార్కు.

చివరగా మన సంఘానికి ఒక విన్నపం. ఏటా ఒక ఆదివారం, లైసెన్సున్న పూర్వ విద్యార్థులందరికీ బడి మైదానంలో బ్రేకు సాధన పెడదాం. సున్నపు గీత గీసి, 30 వేగంలో వచ్చి ఎక్కడ ఆగుతారో టేపుతో కొలుద్దాం. పెద్దవాళ్లం ముందు నిలబడదాం. టేపు ఎవరి మొహం చూసీ మార్కులు వేయదు.

 ఇంటికి నిదానంగా వెళ్లండి. హెల్మెట్ పెట్టుకోండి, వెనుక కూర్చున్నవాళ్లకూ పెట్టండి.