మన పెద్దల నోటి మాటే మన చరిత్ర

 

పెద్దల జ్ఞాపకాల సేకరణ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మేము చరిత్ర చదువుకున్నవాళ్ళం కాము. మగ్గం ఇండ్లలో పుట్టి, తలా ఒక పనిలో స్థిరపడ్డ కొందరం. సెలవు రోజుల్లో ఫోను పట్టుకొని మన వాడల్లోని ముసలివాళ్ళ దగ్గర కూర్చుంటున్నాం. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రికార్డు చేసి దాచుతున్నాం. అంతే మా పని.

మొదటిసారి ఎవరింటికి పోయినా ఒకటే జవాబు. "ఏం జెప్పాలె బిడ్డా, కూలికి పోయినం, కడుపు నింపుకున్నం. గదేం చరిత్ర?"

అది చరిత్ర కాకపోతే మరేది చరిత్ర? మన తాతలు నల్లగొండ, కరీంనగర్, వరంగల్, పాలమూరు వైపు నుంచి ఈ ఊరికి వచ్చారు. 1870లలో ఇక్కడ మొదటి బట్టల మిల్లు లేచింది. దాన్నే మనవాళ్ళు జూనీ మిల్లు అన్నారు. తర్వాత నర్సింగ్‌గిర్జీ, విష్ణు, లక్ష్మి మిల్లులు వచ్చాయి. భోంగా మోగితే పాళీకి పరుగెత్తిన కాళ్ళు మనవి. ఇంట్లో చేతిమగ్గం, తర్వాత పవర్‌లూమ్, చద్దరు, టవల్. ఆడవాళ్ళ ఒడిలో బీడీల చాట. దేశమంతా షోలాపూర్ చద్దరు కప్పుకుంది, నేసినవాడి పేరు మాత్రం ఎవరికీ తెలియదు.

1930 మే నెల సంగతి మీకు తెలుసు. గాంధీగారిని అరెస్టు చేశారని తెలిసి ఊరు ఊరంతా లేచింది. మే 12న ఇక్కడ మార్షల్ లా పెట్టారు. మల్లప్ప ధనశెట్టి, శ్రీకిసన్ సారడా, జగన్నాథ్ శిందే, కుర్బాన్ హుసేన్, ఈ నలుగురినీ 1931 జనవరి 12న యరవడ జైల్లో ఉరితీశారు. వాళ్ళ పేర్లు మన పిల్లలు బడిలో నేర్చుకుంటారు, నేర్చుకోవాలి. కానీ ఆ దినాల్లో మన వాడల్లో పొయ్యి ఎట్లా వెలిగింది, పని ఆగిన ఇంట్లో పిల్లలకు ఏం పెట్టారు అంటే చెప్పేవాళ్ళు లేరు. ఆ తరాన్ని అడగాల్సిన కాలంలో ఎవరమూ అడగలేదు. ఇప్పుడు అడుగుదామన్నా వాళ్ళు లేరు.

అడిగినచోట ఏం జరిగిందో చూడండి. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ళను స్త్రీశక్తి సంఘటన వాళ్ళు కూర్చోబెట్టి మాట్లాడించి, 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకం తెచ్చారు. ముంబయి మిల్లు వాడల మనుషుల మాటలను మీనా మీనన్, నీరా అడార్కర్ సేకరించి 2004లో ఇంగ్లీషు పుస్తకం చేశారు. ఈ పుస్తకాల్లో నాయకుల ఉపన్యాసాలకంటే మామూలు మనుషుల మాటకే పెద్దపీట. మనం కూడా కొండా లక్ష్మణ్ బాపూజీకి, ప్రగడ కోటయ్యగారికి దండలు వేస్తాం. వెయ్యాల్సిందే. వాళ్ళ వెనక నడిచినవాళ్ళ మాట దాచడం కూడా మన బాధ్యతే.

పని చేస్తూ మేము నేర్చుకున్నవి రెండున్నాయి. అవి చెప్పడానికే ఇక్కడ నిలబడ్డాం.

మొదటిది ఒక బీడీల అవ్వ దగ్గర నేర్చుకున్నాం. "అవ్వా, మోర్చాలకు పోయినవా?" అని అడిగితే, "నాకు రాజకీయం ఏం ఎరుక?" అని తల తిప్పుకుంది. అరగంట గడిచింది. అప్పుడు మాలో ఒకరు, "ఆకు ఎట్లా తడిపేవాళ్ళు?" అని అడిగారు. ఆమె చేతులు వాటంతట అవే కదిలాయి. తునికాకు తడపడం, రేకు అచ్చు పెట్టి కత్తెరతో కోయడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం, అన్నీ ఉత్త చేతులతోనే చూపించింది. సాయంత్రం లెక్క అప్పజెప్పేటప్పుడు బాగా లేవని ఎన్ని బీడీలు పక్కన పడేసేవాళ్ళో చెప్పింది. వాటికి కూలి లేదు. అక్కడినుంచి మాట దానంతట అదే ముందుకు పోయింది. "ఆ దినం చాటలు పట్టుకొనే కలెక్టర్ కచేరికి పోయినం. చంక పిల్లను చెల్లెకిచ్చిన. పోలీసోళ్ళు బండెక్కించిన్రు."

ఆమె లెక్కలో అది రాజకీయం కాదు, ఆకూ కూలీ లెక్క. బీడీ కార్మికుల చట్టం 1966లో వచ్చింది. ఆడం మాస్టరు ముందుండి నడిపిన పోరాటంతో కుంభారి దగ్గర గోదావరి పరుళేకర్ పేరు మీద పదివేల ఇండ్ల కాలనీ లేచింది. 2006లో ఆ ఇండ్లు బీడీ కార్మికుల చేతికి వచ్చాయి. ఇట్లాంటివి కాగితం మీదికి రాకముందు చంకపిల్లను పక్కవాళ్ళకిచ్చి నడిచిన ఆడవాళ్ళుంటారు. అందుకే మేము ఇప్పుడు ముందుగా పని గురించే అడుగుతున్నాం. ఏ పాళీ? ఏ ఖాతా? కండెలు ఎవరు చుట్టేవాళ్ళు? జాబర్ ఎట్లాంటివాడు? పోరాటం సంగతి తర్వాత దానంతట అదే వస్తుంది. ఆడవాళ్ళను మాత్రం మగవాళ్ళు పక్కన లేనప్పుడే అడగాలి. తాత ఉంటే అవ్వ మాట సగంలోనే ఆగుతుంది.

రెండోది కష్టమైన సంగతి. 1982 జనవరి 18న ముంబయి మిల్లుల సమ్మె మొదలైంది. రెండున్నర లక్షల మంది కార్మికులు పని ఆపారు. ఆ సమ్మె ముగిసిందని అధికారికంగా ఎవరూ ప్రకటించనే లేదు. మనవాళ్ళలో ఎందరో ముంబయి వదిలి ఇటు షోలాపూర్, భివండికి, అటు సొంతూళ్ళకు చెదిరిపోయారు. అప్పుడు అక్కడ సాంచా నడిపిన ఒక తాతను కలిశాం. సమ్మె గురించి గంటసేపు ఉత్సాహంగా చెప్పాడు. తర్వాత కొద్దిసేపు మాట్లాడలేదు. "నేను నడుమల్నే పనికి పోయిన. పొద్దుగాల్నే, ఎవ్వలు చూడకుంట. బిడ్డకు జొరం, ఇంట్ల గింజ లేదు. మా దోస్తు నాతోని మల్ల మాట్లాడలే," అన్నాడు. "ఇది నేను పోయినంక వినిపియ్యి," అని ఫోను ఆపమన్నాడు.

ఆయన పోయారు. రికార్డింగు సంగతి కొడుక్కు చెబితే, "మా నాయన పరువు తీస్తారా? చెరిపెయ్యండి," అన్నాడు. మాలో కూడా ఇద్దరు అదే అన్నారు. సంఘం సంచికలో ఓడిపోయిన మాటలు, తలదించుకున్న మాటలు ఎందుకని వాళ్ళ వాదన. మేము చెరపలేదు, అట్లాగని బయట పెట్టలేదు. ముందు మీరు వినండి అని కొడుకునే కూర్చోబెట్టాం. పూర్తిగా విన్నాడు. "ఆ జొరం వచ్చింది మా అక్కకు. ఇంటికి బియ్యం వచ్చినయని నాకు గుర్తుంది, ఎట్ల వచ్చినయో ఇయ్యాల తెలిసింది," అన్నాడు. పేరు, మిల్లు పేరు చెప్పకుండా ఈ సంగతి మీకు చెప్పడానికి ఒప్పుకున్నాడు.

సమ్మెలో నిలబడ్డవాడూ మనవాడే, నిలబడలేకపోయినవాడూ మనవాడే. ఇద్దరూ మార్కండేయ రథం తాడు పట్టినవాళ్ళే. గెలిచిన మాటలే దాచుకుంటే, సమ్మె అంటే ఎంత కష్టమో మన పిల్లలకు ఎప్పటికీ తెలియదు.

చివరిగా ఒక మనవి. ఈ సంచిక ఫోనులో చదువుతున్న ప్రతి ఇంటికీ ఇది వర్తిస్తుంది. ఇంట్లో పెద్దలుంటే ఈ వారమే ఒక గంట కూర్చోండి. ముందుగా వాళ్ళ అనుమతి అడగండి. తారీఖు తప్పు చెప్పినా మధ్యలో సరిదిద్దకండి. వాళ్ళ మాటలో మరాఠీ, కన్నడం, తమిళం, ఒడియా ఏది కలిసినా అట్లాగే ఉంచండి. అది మన వలస దారి. ఎవరికి వినిపించాలో, ఎప్పుడు వినిపించాలో వాళ్ళనే అడిగి, ఆ మాట కూడా రికార్డు చేయండి. మూడు చోట్ల దాచండి. ఫోను పోతే మాట పోకూడదు. తెలుగు చదవడం రాని మనవలకు తెలుగు వినడమైనా వస్తుంది, వాళ్ళ కోసం గొంతునే దాచండి.

పడుగు మన పెద్దలు పోసి పెట్టారు. పేక వెయ్యాల్సింది మనం. ఆలస్యం చేయొద్దు.

జై మార్కండేయ. సెలవు.