ఏడాది దాటినా అమ్మపాలు

ఏడాదిన్నర పిల్లాడు ఆట మధ్యలో పరుగెత్తుకొచ్చి అమ్మ కొంగు లాగితే పక్కింటావిడ ఊరుకోదు. "ఇంకా పాలేమిటమ్మా, అవి ఉత్త నీళ్లే కదా!" వేపాకు నూరి రాయమని సలహా కూడా ఇస్తుంది.

నీళ్లన్న మాట నిజం కాదు. 12 నుంచి 23 నెలల బిడ్డకు కావలసిన శక్తిలో మూడోవంతు దాకా తల్లిపాలే ఇవ్వగలవని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోగాలతో పోరాడే ప్రతిరక్షకాలు రెండో ఏట కూడా వాటిలో ఉంటాయి. జ్వరమొచ్చి ముద్ద ముట్టని పిల్లలు చాలామంది పాలు మాత్రం తాగుతారు. ఆ పూటల్లో ఒంట్లో నీరు, సత్తువ నిలిపేవి అవే.

అలాగని పాలొక్కటే చాలవు. ఆరు నెలలు నిండగానే మెత్తటి పప్పన్నం, గుడ్డు మొదలుపెట్టకపోతే ఇనుము తగ్గి రక్తహీనత వచ్చే ప్రమాదముంది.

ఎంతకాలం ఇవ్వాలి? రెండేళ్లు, ఆపైన తల్లీబిడ్డల ఇష్టం. అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా 2022లో ఈ మాటకే వచ్చింది.

ఉద్యోగం చేసే తల్లికి మాత్రం ఇష్టం ఒక్కటీ సరిపోదు. మన దేశంలో 2017 ప్రసూతి ప్రయోజన చట్ట సవరణ తెచ్చిన నిబంధన ప్రకారం 50 మంది, అంతకుమించి పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలి. తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లి రావచ్చు. చేరేముందే ఈ సంగతి అడిగి తెలుసుకోవడం మంచిది.