రెండు జెర్సీలు, ఒకే శరీరం

(రాజమండ్రిలో స్త్రీల సంఘాల కార్యకర్తల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



కనీస కూలి, భూమి పట్టా, గృహహింస గురించి చర్చించుకునే సదస్సులో ఫుట్‌బాల్ గురించి మాట్లాడటం కొందరికి వింతగా ఉండొచ్చు. ఆటలంటే మగపిల్లల కాలక్షేపమన్న అభిప్రాయం మన ఉద్యమాల్లో కూడా లేకపోలేదు. ఇవాళ ఆటను శ్రమగా చూద్దామని నా ప్రతిపాదన. దేశం జట్టుకు ఎంపికైన క్రీడాకారిణి శ్రమకు ఇద్దరు యజమానులుంటారు. జీతమిచ్చేది క్లబ్బు, గౌరవమిచ్చేది దేశం. ఈ ఇద్దరి మధ్య ఆమె హక్కులు ఎవరి బాధ్యత అన్నది మన ముందున్న ప్రశ్న.

మనకు దగ్గరి ఉదాహరణ గుగులోత్ సౌమ్య. ఇక్కడ మన ముందు పారుతున్న గోదావరి తెలంగాణలో అడుగుపెట్టేది నిజామాబాద్ జిల్లా కందకుర్తి దగ్గర. సౌమ్య ఆ జిల్లాలోని ఒక తండా నుంచి వచ్చిన అమ్మాయి. 2021లో భారత సీనియర్ జట్టులోకి వచ్చింది. కేరళలోని గోకులం క్లబ్బుకు ఆడింది. 2022లో జ్యోతి చౌహాన్‌తో పాటు క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బులో చేరింది. తర్వాత కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు వచ్చింది. 2024-25లో ఆ క్లబ్బు ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచింది. ఆ ఏడాది ఉత్తమ క్రీడాకారిణిగా అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య సౌమ్యను ఎంపిక చేసింది. 2025 జూలైలో చియాంగ్ మాయ్‌లో మన జట్టు థాయ్‌లాండ్‌ను 2-1తో ఓడించి, అర్హత పోటీల ద్వారా మొదటిసారి ఆసియా కప్‌కు చేరింది. ఆ చివరి ఆటలో సౌమ్య లేదు. అంతకుముందు ఇరాక్‌తో జరిగిన ఆటలో ఆమె ముక్కు ఎముక విరిగింది.

ఎముక విరిగింది దేశం జెర్సీలో. మళ్లీ పనికెక్కాల్సింది క్లబ్బు జెర్సీలో. శరీరం మాత్రం ఒక్కటే.

ఫిఫా నిబంధనల ప్రకారం, నిర్ణయించిన తేదీల్లో దేశం పిలిస్తే క్లబ్బు తన క్రీడాకారిణిని పంపి తీరాలి. పంపినందుకు సమాఖ్య నుంచి పరిహారం అడగకూడదు. ఆ రోజుల్లో జబ్బుకూ ప్రమాదానికీ బీమా చేయించాల్సింది కూడా క్లబ్బే. నిబంధన ఇద్దరికీ ఒకటే, కానీ డబ్బు ఒకటి కాదు. 2022లో మగవాళ్ల ప్రపంచ కప్‌కు ఆటగాళ్లను పంపిన క్లబ్బులకు ఫిఫా 20.9 కోట్ల డాలర్లు కేటాయించింది. 2023 స్త్రీల ప్రపంచ కప్‌కు కేటాయించింది 1.13 కోట్ల డాలర్లు. తేడా పద్దెనిమిది రెట్లకు పైనే. స్త్రీ శ్రమకు తక్కువ విలువ కట్టడం ఆమె జీతంతో ఆగదు, ఆమెకు పని ఇచ్చిన సంస్థ దాకా పోతుంది. అలాంటప్పుడు ఆ సంస్థ స్త్రీల జట్టును నష్టంగా, దయాధర్మంగా చూడటంలో ఆశ్చర్యమేముంది?

మన చరిత్రలోనే ఇంకో పోలిక ఉంది. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. దాని శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం భారత జట్టుకూ శిక్షకుడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. ఆ ప్రతిభ గురించి ఎంతైనా చెప్పుకోవచ్చు. కానీ పోలీసు జట్టంటే క్లబ్బే కాదు, ఉద్యోగం కూడా. దేశం కోసం వెళ్లినా, దెబ్బ తగిలినా ఇంటికి జీతం చేరే ఏర్పాటు అది. స్త్రీల ఫుట్‌బాల్‌కు విడిగా సమాఖ్య ఏర్పడింది 1975లో. 1980లో కాలికట్‌లో జరిగిన ఆసియా పోటీల్లో మన స్త్రీలు రెండో స్థానంలో నిలిచారు. అయినా జాతీయ స్థాయి క్లబ్బు లీగ్ వాళ్లకు 2017 దాకా మొదలు కాలేదు. మధ్యలో పోయిన తరాల లెక్క ఎవరు తీస్తారు?

ఇక జీతం సంగతి. 2023లో సమాఖ్య ఒక నిర్ణయం చేసింది. లీగ్‌లోని ప్రతి క్లబ్బూ కనీసం పదిమంది భారతీయ క్రీడాకారిణులకు ఏడాదికి 3.2 లక్షల రూపాయలకు తగ్గని ఒప్పందం ఇవ్వాలి. ఇది ముందడుగే, కాదనను. నెలకు దాదాపు 26,700 రూపాయలు. అయితే హామీ పదిమందికే. పదకొండో అమ్మాయి పరిస్థితి ఏమిటి? పదకొండు మంది లేనిదే జట్టే లేదు కదా! 2024-25 లీగ్ జనవరిలో మొదలై ఏప్రిల్‌లో ముగిసింది. సీజను వరకే ఒప్పందం ఉన్న అమ్మాయి మిగతా నెలలు దేని మీద బతకాలి? నాట్లకూ కోతలకూ మధ్య ఖాళీ రోజులు ఎలా ఉంటాయో డెల్టా కూలి స్త్రీలకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ప్రసూతి హక్కు చూడండి. 2021 నుంచి ఫిఫా కనీసం 14 వారాల ప్రసూతి సెలవు, మూడింట రెండు వంతుల జీతం తప్పనిసరి చేసింది. ఐస్‌లాండ్ క్రీడాకారిణి సారా బ్యోర్క్ గున్నార్స్‌డొట్టిర్‌కు గర్భిణిగా ఉన్న కాలంలో లియోన్ క్లబ్బు పూర్తి జీతం ఇవ్వలేదు. ఆమె ఫిఫా ట్రిబ్యునల్‌కు వెళ్లింది. 82 వేల యూరోలకు పైగా చెల్లించాలని 2022లో తీర్పు వచ్చింది. మన దేశంలో 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలైంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలోనూ అంతే ఉంది. కానీ అది దక్కాలంటే ఆమెను ఉద్యోగిగా గుర్తించాలి, పనిచేసిన రోజులు లెక్కకు రావాలి. నాలుగు నెలల ఒప్పందంతో 26 వారాల సెలవు ఎలా అడుగుతుంది?

నిర్ణయాలు ఎవరివి, నష్టం ఎవరిది అన్నది కూడా ఆలోచించాలి. 2022 ఆగస్టులో సమాఖ్య పాలనలో బయటి జోక్యం ఉందని ఫిఫా మన సమాఖ్యను సస్పెండ్ చేసింది. అప్పటికే గోకులం స్త్రీల జట్టు ఆసియా క్లబ్బు పోటీల కోసం తాష్కెంట్ చేరింది. ఆడకుండానే వెనక్కి రావాల్సి వచ్చింది. పదిరోజుల్లో సస్పెన్షన్ ఎత్తేశారు, పోటీ మాత్రం వాళ్లకు తిరిగి రాలేదు. కుర్చీల తగాదాలో ఆ అమ్మాయిల ప్రమేయం ఏమీ లేదు.

భద్రత మాట. అదే 2022లో పదిహేడేళ్లలోపు బాలికల జట్టు యూరప్ పర్యటనలో ఉండగా దుష్ప్రవర్తన ఆరోపణపై సహాయక శిక్షకుణ్ణి తొలగించారు. ఇలాంటివి జరిగినప్పుడు తల్లిదండ్రులు చేసే మొదటి పని అమ్మాయిని ఇంటికి తెచ్చుకోవడం. తప్పు చేసినవాడి శిక్ష ఆమెకు పడుతుంది. 2013 లైంగిక వేధింపుల చట్టం క్రీడా సంస్థలనూ, స్టేడియాలనూ, పోటీలు జరిగే చోట్లనూ పనిస్థలాలుగానే గుర్తించింది. శిక్షణ కోసం ఇచ్చిన వసతి కూడా అందులోకే వస్తుంది. పదిమంది లోపు ఉద్యోగులున్న చోట జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు 2012 పోక్సో చట్టం ఉంది.

ఒకే క్లబ్బులో వేర్వేరు దేశాల జెర్సీలు వేసుకునేవాళ్లు ఉంటారు. ఉగాండా జట్టుకు ఆడే ఫజీలా ఇక్వాపుట్ 2025లో ఈస్ట్ బెంగాల్‌లో సౌమ్య సహచరి అయింది. జాగ్రెబ్‌లో సౌమ్య ఎలాగో, కలకత్తాలో ఫజీలా అలాగే. వలస కార్మికురాలు. భాష పరాయిది, కాగితం యజమాని రాసింది, వీసా అతని చేతిలోది. కోనసీమ నుంచీ నర్సాపురం వైపు నుంచీ కువైట్, మస్కట్‌లకు ఇంటిపనికి వెళ్లే స్త్రీలతో ఏళ్ల తరబడి పనిచేస్తున్న మీకు ఈ స్థితి కొత్త కాదు. ఒప్పందం నకలు చేతికివ్వడం, జీతం చేరిన రుజువు అడగడం, జబ్బు చేస్తే ఎవరు చూస్తారో ముందే రాయించడం మీరు నేర్పుతున్న పాఠాలే. ఆదాయంలో ఇద్దరికీ పోలిక లేకపోవచ్చు. అడగాల్సిన ప్రశ్నలు మాత్రం ఒకటే.

కాబట్టి మనం చేయగలిగినవి కొన్ని చెబుతాను. మీ జిల్లాలో స్థానిక కమిటీ ఉందా, దాని సభ్యుల పేర్లు క్రీడా హాస్టళ్లలో గోడ మీద ఉన్నాయా? వెళ్లి చూడండి. బాలికల జట్టుతో వెంట వెళ్లేవాళ్లలో ఒక స్త్రీ ఉందో లేదో అడగండి. ఏ ఆటలోనైనా ఒప్పందం మీద సంతకం చేసే అమ్మాయి పక్కన, ఆ కాగితం తెలుగులో చదివి చెప్పే మనిషి ఒకరు కూర్చోవాలి. పెద్దమనిషి అయిన వెంటనే ఆట మాన్పించే ఇళ్లలో తల్లులతో మాట్లాడండి. దేశం జట్టు దాకా వెళ్లేవాళ్లు కొద్దిమందే. ఆ దారిలో బయలుదేరి మధ్యలో ఆగిపోయినవాళ్లు చాలామంది. మన పని వాళ్ల దగ్గర మొదలుకావాలి.

పతకం వచ్చిన రోజు ఊరంతా పూలదండలు వేస్తుంది. దెబ్బ తగిలి ఇంటికొచ్చిన అమ్మాయి దగ్గరికి ఎవరు వెళుతున్నారో మన సంఘాలు చూడాలి. అప్పుడు ఆసుపత్రి బిల్లు ఎవరు కట్టాలో కాగితం మీద ముందే రాసి ఉండేలా పోరాడాలి.