వేరికోసీల్ ఎంబొలైజేషన్: ఎక్స్-రే డోసు ఎంత, పిల్లల సంగతేంటి?



"పిల్లల కోసం చేయించుకునే చికిత్స. అందులో ఎక్స్-రే వాడతారట. అది పడేది పొత్తికడుపు మీద. ఉన్న వీర్యకణాలు కూడా పోతే?"

వేరికోసీల్ ఎంబొలైజేషన్ అని డాక్టరు రాసివ్వగానే చాలామంది మగవాళ్ళకి వచ్చే అనుమానం ఇదే. ఓపీలో భార్య పక్కన ఉంటుంది, బయట క్యూ ఉంటుంది, ఈ మాట నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. అందుకని ఇవాళ తీరిగ్గా మాట్లాడుకుందాం.

జవాబు ముందే చెప్పేస్తాను. కిరణాన్ని వృషణాల మీదికి రానివ్వకుండా చేస్తే, అక్కడికి చేరే డోసు వీర్యకణాల తయారీని దెబ్బతీసే స్థాయికి చాలా కింద ఉంటుంది. ఆ జాగ్రత్త మెషీన్ దగ్గర ఎలా తీసుకుంటారు, మీరేం అడగాలి అన్నదే ఈ వీడియో.

[స్క్రీన్ మీద: కిడ్నీలు, వృషణ సిరల బొమ్మ]

ముందు జబ్బు గురించి రెండు ముక్కలు. వృషణాల నుంచి రక్తాన్ని పైకి తీసుకెళ్ళే సిరల్లో కవాటాలు పనిచేయకపోతే రక్తం వెనక్కి జారి, సిరలు ఉబ్బుతాయి. అదే వేరికోసీల్. మగవాళ్ళలో సుమారు 15 శాతం మందికి ఉంటుంది. ఎక్కువగా ఎడమవైపే. ఎందుకంటే ఎడమ సిర చాలా పైదాకా వెళ్ళి, ఎడమ కిడ్నీ సిరలో దాదాపు నిలువుగా కలుస్తుంది. కుడివైపు సిర నేరుగా పెద్ద సిరలోకి ఏటవాలుగా కలుస్తుంది. వృషణాలు ఒంటి వేడి కంటే రెండు నుంచి నాలుగు డిగ్రీలు చల్లగా ఉంటేనే వీర్యకణాలు సరిగ్గా తయారవుతాయి. అక్కడ రక్తం నిలిచిపోతే ఆ చల్లదనం పోతుంది. నష్టానికి కారణం ఇదొక్కటే కాదు గానీ, ముఖ్యమైనది ఇదే.

ఇక చికిత్స. 1978లో బ్రెజిల్ డాక్టర్లు కోత లేకుండా లోపలినుంచే ఈ సిరను మూసే పద్ధతిని ప్రచురించారు. ఇప్పుడు చేసేది దానికి మెరుగుపెట్టిన రూపం. మెడలోనో, తొడ మొదట్లోనో సూది గుచ్చినంత రంధ్రం చేసి, సన్నటి కాథెటర్‌ని సిరల దారిలోనే కిడ్నీ దాకా, అక్కణ్ణుంచి కిందికి వృషణ సిరలోకి దింపుతారు. అక్కడ లోహపు కాయిల్స్, లేదా సిరను గట్టిపరిచే మందు, లేదా జిగురు పెట్టి దారి మూసేస్తారు. పాడైన తూము మూస్తే నీళ్ళు పక్క కాలువలోంచి పోయినట్టే, రక్తం మంచి సిరల్లోంచి వెళ్ళిపోతుంది. మత్తు సూది గుచ్చే చోటివరకే ఇస్తారు. చాలామంది అదే రోజు ఇంటికి వెళ్ళిపోతారు.

కాథెటర్ ఎటు పోతోందో చూడాలి కదా. అందుకే ఎక్స్-రే.

[స్క్రీన్ మీద: కాత్ ల్యాబ్, సీ ఆకారంలో ఉన్న యంత్రం]

ఇది కాత్ ల్యాబ్. ఎక్స్-రే ట్యూబు టేబుల్ కింద ఉంటుంది, బొమ్మ పట్టే డిటెక్టర్ మీ పొట్టకి పైన ఉంటుంది. డాక్టరు పెడల్ తొక్కినంతసేపే కిరణం వస్తుంది. కాలు తీస్తే ఆగిపోతుంది.

ఇందులో రెండు రకాల బొమ్మలు. ఒకటి ఫ్లోరోస్కోపీ, అంటే తక్కువ డోసుతో నడిచే లైవ్ వీడియో. రెండోది యాంజియో రన్, అంటే రంగు మందు ఎక్కించి స్పష్టంగా రికార్డు చేసేది. రన్‌లో ఒక్కో ఫ్రేముకు డోసు ఫ్లోరోస్కోపీ కంటే చాలా ఎక్కువ. అందుకే అనుభవం ఉన్న డాక్టర్లు రన్‌లు తగ్గించి, ఫ్లోరోస్కోపీ బొమ్మనే సేవ్ చేసుకుని పని కానిస్తారు.

తర్వాత పల్స్ రేటు. సెకనుకి 30, 15, 7.5 ఇలా పెట్టుకోవచ్చు. సిరలు గుండెలా కొట్టుకోవు కాబట్టి ఇక్కడ తక్కువ రేటు చాలు. రేటు సగం చేస్తే డోసు బాగా తగ్గుతుంది. సరిగ్గా సగమే కాకపోవచ్చు, ఎందుకంటే బొమ్మ మసకబారకుండా మెషీన్ ఒక్కో పల్స్ బలాన్ని కొంచెం పెంచుతుంది.

మూడోది, మన విషయంలో అన్నిటికంటే ముఖ్యమైనది, కాలిమేషన్. అంటే కిరణం పడే మేరను చుట్టూ కుదించడం. సిర గజ్జల పైదాకానే మూస్తే చాలు. కింద వృషణాల దాకా బొమ్మ తీయాల్సిన పని మామూలుగా ఉండదు. కిరణం అంచుని గజ్జలకి పైనే ఆపితే, కిందికి చేరేది పొట్టలోంచి చెదిరి వచ్చే కొద్దిపాటి కిరణాలే.

ఇంకో మామూలు సందేహం. "డాక్టరు సీసం ఏప్రన్ వేసుకున్నాడు, నాకెందుకు వేయలేదు?" డాక్టరు రోజూ అక్కడే ఉంటారు, వాళ్ళకి ఏడాదికేడాది డోసు పోగవుతుంది. మీ విషయం వేరు. ట్యూబు కింద ఉంది కాబట్టి పైన కప్పిన సీసం వచ్చే కిరణాన్ని ఆపలేదు. ఒంటి లోపల చెదిరే కిరణాన్నీ ఆపలేదు. పైగా ఆ సీసం పొరపాటున బొమ్మలోకి వస్తే, చీకటిగా ఉందనుకుని మెషీన్ తనంతట తాను డోసు పెంచేస్తుంది. మామూలు ఎక్స్-రే, సీటీల్లో రోగి జననేంద్రియాలకి అలవాటుగా సీసం కప్పడం మానేయొచ్చని అమెరికా వైద్య భౌతిక శాస్త్రవేత్తల సంఘం 2019లోనే చెప్పింది. ఇక్కడ కూడా అసలు రక్షణ కాలిమేషనే.

[స్క్రీన్ మీద: మిల్లీగ్రే, మిల్లీసీవర్ట్]

ఇప్పుడు అంకెలు. ఒక అవయవానికి అందిన డోసుని మిల్లీగ్రేలలో కొలుస్తారు. వృషణాలకి ఒక్కసారిగా సుమారు 100 మిల్లీగ్రేలు అందితే వీర్యకణాలు తాత్కాలికంగా తగ్గొచ్చు. శాశ్వతంగా పోవాలంటే సుమారు 6,000 కావాలి. అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ 2012లో ఇచ్చిన హద్దులివి. ఎంబొలైజేషన్‌లో కిరణం నేరుగా పడకపోతే వృషణాలకి అందేది సాధారణంగా కొద్ది మిల్లీగ్రేలే.

ఒళ్ళంతటి రిస్కుని లెక్కగట్టేది మిల్లీసీవర్ట్. మనం ఏ పరీక్షా చేయించుకోకపోయినా నేల, గాలి, ఆకాశం నుంచి ఏడాదికి ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్ట్‌లు అందుతూనే ఉంటాయి. పొట్ట సీటీ ఒకసారి తీస్తే సుమారు 8 నుంచి 10. ఎంబొలైజేషన్‌లో ఇది కొన్ని మిల్లీసీవర్ట్‌ల నుంచి పది పైదాకా మారుతుంది. సిర వంకరలు, రోగి లావు, మెషీన్, డాక్టరు చెయ్యి, అన్నిటి మీదా ఆధారపడుతుంది. 10 మిల్లీసీవర్ట్‌లకి ప్రాణాంతక క్యాన్సర్ రిస్కు స్థూలంగా రెండు వేల మందిలో ఒకరికి పెరుగుతుందని అంచనా. చిన్నదే, కానీ సున్నా కాదు. అవసరం లేని ప్రొసీజర్‌కి అదీ ఎక్కువే.

"ఇంటికెళ్ళాక భార్యకి దూరంగా పడుకోవాలా?" అక్కర్లేదు. థైరాయిడ్‌కి రేడియో అయోడిన్ మందు మింగినవాళ్ళని కొన్నాళ్ళు దూరంగా ఉండమంటారు, అది విని వచ్చిన భయం ఇది. ఇక్కడ కాయిల్స్‌లో గానీ, రంగు మందులో గానీ రేడియేషన్ లేదు. పెడల్ మీంచి కాలు తీసిన క్షణంతో ఎక్స్-రే అయిపోయినట్టే.

"పుట్టబోయే బిడ్డకి?" హిరోషిమా, నాగసాకి బాంబు దాడుల్లో బతికి బయటపడ్డవాళ్ళకి ఆ తర్వాత పుట్టిన పిల్లల్ని దశాబ్దాల పాటు గమనించారు. వంశపారంపర్య నష్టం పెరిగినట్టు తేలలేదు. చెర్నోబిల్ ప్రమాదంలో రేడియేషన్‌కి గురైన తల్లిదండ్రుల పిల్లల జన్యువుల మీద 2021లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం కూడా అదే చెప్పింది. వాళ్ళలో చాలామందికి అందిన డోసు ముందు మనం మాట్లాడుకునేది చాలా తక్కువ.

[స్క్రీన్ మీద: 74 రోజులు]

ఇక ఫలితం. వీర్యకణం ఒకటి తయారవడానికి సుమారు 74 రోజులు, బయటికొచ్చే దారి దాటడానికి మరికొన్ని రోజులు పడుతుంది. అందుకే చికిత్స అయిన నెలకే టెస్ట్ చేయించి, కౌంట్ పెరగలేదని దిగులు పడొద్దు. ఆ రిపోర్టులో ఉన్నవి చికిత్సకి ముందు మొదలైన కణాలు. మూడు నెలలకి ఒకసారి, ఆరు నెలలకి ఇంకోసారి చూడాలి. ప్రతిసారీ 2 నుంచి 7 రోజుల విరామం పాటించి, వీలైతే అదే ల్యాబ్‌లో ఇవ్వండి.

మరి అందరికీ పనిచేస్తుందా? లేదండి. చేతికి తగిలే వేరికోసీల్ ఉండి, వీర్య పరీక్షలో తేడా ఉండి, పిల్లలు కలగనివాళ్ళకే చికిత్స గురించి ఆలోచించమని గైడ్‌లైన్స్ చెప్తాయి. స్కానింగ్‌లో మాత్రమే కనిపించేదానికి వద్దంటాయి. చికిత్స వల్ల గర్భం వచ్చే అవకాశం పెరగొచ్చని 2021 కాక్రేన్ సమీక్ష చెప్పింది, ఆధారాలు బలహీనంగా ఉన్నాయని కూడా చెప్పింది.

మైక్రోస్కోప్‌తో చేసే ఆపరేషన్ కూడా మంచి దారే. అందులో రేడియేషన్ ఉండదు, తిరగబెట్టడం తక్కువ. ఎంబొలైజేషన్‌లో కోత ఉండదు, ధమనిని, లింఫ్ నాళాల్ని ముట్టుకోరు కాబట్టి తర్వాత నీరు చేరే బాధ ఉండదు. కొందరిలో మాత్రం సిర అందక ప్రొసీజర్ మధ్యలో ఆపేయాల్సి వస్తుంది, ముఖ్యంగా కుడివైపు. ఆపరేషన్ అయ్యాక తిరగబెట్టినవాళ్ళకి ఎంబొలైజేషన్ బాగా అక్కరకొస్తుంది.

భార్య వయసు కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఆవిడకి 37, 38 దాటితే ఆరు నెలలు ఎదురుచూడటం ఖరీదైన నిర్ణయం. ఆ మాట ఇద్దరూ కలిసి డాక్టరుతో మాట్లాడండి.

[స్క్రీన్ మీద: అడగాల్సినవి]

మన దేశంలో ఇలాంటి ఎక్స్-రే యూనిట్ నడపాలంటే అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ లైసెన్స్ ఉండాలి. సిబ్బందికి డోసు కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జీలు ఉండాలి. సిబ్బందికి వార్షిక డోసు పరిమితి ఉంది. రోగికి అలాంటి పరిమితి లేదు. మీ విషయంలో నియమం ఒకటే: అవసరం ఉంటేనే చేయాలి, చేస్తే వీలైనంత తక్కువ డోసుతో చేయాలి.

కాబట్టి మూడు ప్రశ్నలు అడగండి. నా వేరికోసీల్ చేతికి తగులుతోందా, స్కాన్‌లోనే ఉందా? కిరణం వృషణాల మీద పడకుండా చేస్తారా? అయ్యాక డోసు రిపోర్ట్ ఇస్తారా? ఆ రిపోర్ట్‌లో ఫ్లోరోస్కోపీ సమయం, ఎయిర్ కెర్మా, డోస్ ఏరియా ప్రొడక్ట్ అని ఉంటాయి. మెషీన్ వాటిని తానే లెక్కగడుతుంది, ప్రింట్ తీయడం పెద్ద పని కాదు. ఏ కాయిల్ పెట్టారో కూడా రాయించుకోండి, రేపు ఎంఆర్‌ఐ అవసరమైతే పనికొస్తుంది.

ఒక హెచ్చరిక. కుడివైపు మాత్రమే ఉన్నట్టుండి వేరికోసీల్ వచ్చినా, పడుకున్నా ఉబ్బు తగ్గకపోయినా ముందు పొట్ట స్కానింగ్ చేయించండి. పొట్టలో గడ్డ ఏదైనా సిరను నొక్కుతోందేమో చూడాలి.

ఎక్స్-రే భయంతో అవసరమైన చికిత్స మానుకోకండి. కోత లేదు కదా అని అవసరం లేని చికిత్స చేయించుకోకండి. డోసు రిపోర్ట్ అడగడం మీ హక్కు, మొహమాటపడకండి.