బడిపంతులు రహీం సాబ్

(సొసైటీ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను కోరారు. మార్కుల గురించీ ర్యాంకుల గురించీ చెప్పేవారు చాలామంది ఉన్నారు. నేను మాత్రం ఒక బడిపంతులు గురించి చెబుతాను. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. హైద్రాబాదులో అందరూ రహీం సాబ్ అనేవారు. 2024లో ఆయన మీద 'మైదాన్' అనే హిందీ సినిమా వచ్చింది. మీలో కొందరు చూసే ఉంటారు. సినిమా చూసినవారికి ఆయన పెద్ద ఫుట్‌బాల్ కోచ్. నా దృష్టిలో ఆయన ముందు మాస్టారు, ఆ తరువాతే కోచ్.

రహీం సాబ్ 1909 ఆగస్టు 17న హైద్రాబాదులో పుట్టారు. ఉస్మానియాలో బి.ఏ. చదివారు, అక్కడి జట్టులో ఫుట్‌బాల్ ఆడారు. చదువు కాగానే బడిలో చేరారు. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు — ఇవీ ఆయన పాఠాలు చెప్పిన బడులు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకొని, చివరి రెండు బడుల్లో ఆటల బాధ్యత కూడా చూశారు. అంటే మన భాషలో డ్రిల్లు మాస్టరు అన్నమాట. డ్రిల్లు మాస్టరంటే ఇప్పటికీ కొందరికి చులకనే. ఆ చులకన ఉన్నవాళ్ళు దయచేసి ఈ కథ చివరిదాకా వినాలి.

1943లో ఆయన హైద్రాబాదు ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు. హైద్రాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షణ కూడా ఆయన చేతికే వచ్చింది. ఆ జట్టు 1950లో ఢిల్లీ వెళ్ళి మోహన్ బగాన్ అంతటి జట్టును ఓడించి డ్యూరండ్ కప్పు తెచ్చింది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు వదిలిపెట్టలేదు. ఆడిన వాళ్ళెవరు? నవాబుల బిడ్డలు కారు, పోలీసు జీతం మీద ఇల్లు గడుపుకొనే మామూలు మనుషులు.

ఇంత ఎలా సాధ్యమైంది? ఆయన పిల్లల్ని చూసిన తీరు బడిపంతులు తీరు. క్లాసులో మాస్టారు ఎవరికి ఏది రాదో ముందు కనిపెడతాడు. రహీం సాబ్ మైదానంలో అదే పని చేశారు. కుర్రాళ్ళందరూ ఒక కాలితోనే తంతున్నారు, రెండో కాలు ఊరికే ఉంది. దానికి ఆయన ఉపన్యాసం ఇవ్వలేదు, ఒక పోటీ పెట్టారు. అందులో రానికాలితోనే ఆడాలి! కొందరు బంతి దొరికితే చాలు, ఎవరికీ ఇవ్వకుండా తమ పనితనం చూపించుకుంటూ పోతారు. వాళ్ళ కోసం డ్రిబ్లింగు చేయకూడని పోటీ పెట్టారు. బంతి అందగానే పక్కవాడికి ఇచ్చేయాలి. పొట్టివాళ్ళు పొడుగువాళ్ళ మధ్య నలిగిపోతారు గనుక పొట్టివాళ్ళకు వేరే పోటీ పెట్టారు. చూశారా, తిట్టడం లేదు, కొట్టడం లేదు. ఎవరికి ఏ లోటు ఉందో దానినే ఆటగా మార్చి ఇచ్చారు. తాలీమ్ అంటే ఇదే, తర్బియత్ అంటే ఇదే.

సికిందరాబాదు దగ్గర అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అనే పేద కుర్రవాడు ఉండేవాడు. రహీం సాబ్ అతని ఆట చూసి శిక్షణకు రమ్మన్నారు. రోజూ అంతదూరం రావడానికి కుర్రవాడి దగ్గర డబ్బు లేదు. అద్దె సైకిలుకు రహీం సాబే డబ్బులిచ్చారు. ఆ బలరాం రెండు ఒలింపిక్స్ ఆడి, దేశంలోని గొప్ప ఫార్వర్డులలో ఒకడుగా పేరు తెచ్చుకొని, 2023లో కన్నుమూశారు. కులమేమిటి, మతమేమిటి, ఇంట్లో మాట్లాడేది ఏ భాష అని రహీం సాబ్ అడగలేదు. కాలు చూశారు, మనసు చూశారు.

ఇక దేశం సంగతి. 1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగాయి. రహీం సాబ్ జట్టు ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం గెలిచింది. మరుసటి ఏడే హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయింది. ఆ చలిలో మనవాళ్ళు చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. పది గోల్సు తిన్న కోచ్ ఏం చేయాలి? కొందరైతే ఇంటికి వచ్చి తలుపేసుకుంటారు. ఈ మాస్టారు మళ్ళీ మొదటి పాఠం నుంచి మొదలుపెట్టారు. మన ఫుట్‌బాల్‌లో బూట్లు తప్పనిసరి అయింది ఆ ఓటమి తరువాతే. నాలుగేళ్ళకు, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు ఆస్ట్రేలియాను వాళ్ళ గడ్డ మీదే 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్సు కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనలు దాకా వెళ్ళిన మొదటి ఆసియా దేశం మనదే. చివరికి నాలుగో స్థానం దక్కింది. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుసేన్, జుల్ఫికారుద్దీన్, బలరాం, పీటర్ తంగరాజ్ — ఇంతమంది హైద్రాబాదు వాళ్ళున్నారు.

అన్నిటికన్నా పెద్ద పరీక్ష 1962లో జకార్తా ఆసియా క్రీడలు. అప్పటికే రహీం సాబ్‌కు క్యాన్సరు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా మనల్ని 2-0తో ఓడించింది. పైగా ఇజ్రాయిల్, తైవాన్ జట్లను రానివ్వకపోవడం మీద మన అధికారి ఒకరు అభ్యంతరం చెప్పినందుకు అక్కడి జనం మన మీద మండిపడుతున్నారు. డిఫెండరు జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. వెనక ఉంచితే ఆ తలతో బంతిని ఎదుర్కోలేడని రహీం సాబ్ అతన్ని ముందు వరసలో, గోలు కొట్టే చోట నిలబెట్టారు. ఇదీ రానికాలి పాఠం లాంటిదే. ఉన్న లోటు చూసి కూర్చోకుండా, ఉన్నదానితో ఏం చేయగలమో చూడటం. సెప్టెంబరు 4న ఫైనలు. లక్షమంది దాకా జనం, అందరూ మనకు ఎదురే. మొదటి ఇరవై నిమిషాల్లోనే పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ సింగ్ ఒక గోలు కొట్టారు. మొదట మనల్ని ఓడించిన కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. కెప్టెన్ చునీ గోస్వామి. బెంగాలీలు, సిక్కులు, మదరాసీలు, హైద్రాబాదీలు — అందరూ ఒక మాస్టారి మాట మీద నడిచారు. తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న రహీం సాబ్ అల్లాహ్ సన్నిధికి వెళ్ళిపోయారు. వయస్సు 53 ఏళ్ళు.

ఆ తరువాత? ఆసియా క్రీడల్లో 1970లో మన ఫుట్‌బాల్ జట్టుకు కంచు పతకం వచ్చింది. దానికి కెప్టెన్ హైద్రాబాదీ సయ్యద్ నయీముద్దీనే. బంగారం మాత్రం మళ్ళీ రాలేదు. హైద్రాబాదు నుంచి ఆటగాళ్ళు రావడం క్రమంగా తగ్గిపోయింది. కారణాలు చాలా ఉంటాయి. కానీ ఒకటి నాకు స్పష్టంగా కనిపిస్తుంది. ఆ విద్య అంతా ఒక్క మనిషి దగ్గర ఉంది. ఆయన పోగానే ఆ పోటీలు పెట్టేవారు, ఆ సైకిలు అద్దె ఇచ్చేవారు తగ్గిపోయారు. మంచి మాస్టారు దొరకడం అదృష్టం. ఆయన పని ఆయనతోనే పోకుండా చూసుకోవడం జమాత్ బాధ్యత. ఈ మాట మన సొసైటీ వాళ్ళం జ్ఞాపకం పెట్టుకోవాలి.

ఇప్పుడు మన పిల్లల మాటకు వస్తాను. నేను ఉర్దూ మీడియం బడిలో పనిచేస్తాను. మా పిల్లలకు ఉర్దూ బలమైన కాలు. తెలుగు, ఇంగ్లీషు రానికాళ్ళు. పదో తరగతి దాటి కాలేజీకో, ఆఫీసుకో వెళ్ళగానే ఆ కాలితో నిలబడలేక చదువు మానేసిన వాళ్ళు మన ఇళ్ళల్లోనే ఉన్నారు. అందుకని కొందరు తల్లిదండ్రులు ఉర్దూనే మాన్పించేస్తున్నారు. అయ్యా, రానికాలికి బలం రావాలంటే వచ్చిన కాలు నరుక్కుంటామా? రహీం సాబ్ అలా చేయలేదు. రెండో కాలికీ పని చెప్పారు. వారానికి ఒకరోజు పిల్లలు తెలుగులోనే మాట్లాడే సభ, మరొక రోజు ఇంగ్లీషులోనే మాట్లాడే సభ పెడదాం. తప్పులు వస్తాయి, రానివ్వండి. నవ్వే హక్కు మాత్రం ఎవరికీ లేదని ముందే చెబుదాం. నేను కూడా ఇవాళ నా రెండో కాలితోనే మీ ముందు నడుస్తున్నాను!

రెండో సంగతి ఆట. "ఆట అన్నం పెడుతుందా, మాస్టారూ?" అని తండ్రులు నన్ను అడుగుతారు. అందరికీ పెట్టదు. నేను అబద్ధం చెప్పను. కానీ ఓడిపోయి మర్నాడు మళ్ళీ రావడం, బంతి పక్కవాడికి ఇవ్వడం, పెద్దవాళ్ళు కేకలేస్తున్నా బుర్ర చెడకుండా ఉండటం — ఇవి ఏ గైడులో ఉన్నాయి? శరీరం అల్లాహ్ ఇచ్చిన అమానత్. దాన్ని ట్యూషన్ బెంచీ మీదా సెల్‌ఫోను ముందూ పాడుచేయడం తెలివి కాదు. ఆడపిల్లలకు కూడా ఇదే మాట. గోడ ఉన్న బడి ఆవరణలో, టీచరమ్మల సమక్షంలో వాళ్ళకూ ఒక గంట ఆట ఉండాలి.

సొసైటీకి నా మనవి చిన్నది. స్కాలర్‌షిప్పులతో పాటు ప్రతి ఏడాది బంతులకు, బూట్లకు కొంత సొమ్ము తీసి ఉంచండి. దూరం నుంచి వచ్చే పేద పిల్లవాడికి బస్సు చార్జీ ఇవ్వండి. ఊళ్ళో ఒకప్పుడు ఆడిన పెద్దలు సాయంకాలం వచ్చి నేర్పండి. ఒకరితో కాదు, ఇద్దరు ముగ్గురితో ఆ పని నడిపించండి, ఏం నేర్పారో నోటుబుక్కులో రాసి ఉంచండి. ఒకరు లేకపోతే రెండోవారు అక్కడి నుంచి అందుకోవాలి.

గొప్ప కోచ్‌లకు ప్రభుత్వం ఇచ్చే ద్రోణాచార్య అవార్డు 1985లో మొదలైంది. అప్పటికి రహీం సాబ్ పోయి 22 ఏళ్ళు. ఏ అవార్డూ కనుచూపు మేరలో లేని రోజుల్లోనే ఆయన తన పని తాను చేసుకుపోయారు. మన ఊళ్ళో అలా పనిచేసే మాస్టర్లు, టీచరమ్మలు ఇప్పుడూ ఉన్నారు. వాళ్ళు బతికుండగానే వాళ్ళ వెనక నిలబడండి.