ఎముక పని, కొమ్ము పని: మా సంఘం చెప్పుకునే మాట
(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



ఇప్పటిదాకా పాడి గురించి, కుట్టుమిషన్ల గురించి, అరటి పొడి గురించి అక్కలు బాగా చెప్పినారు. మమ్మల్ని ఎముకల పని గురించి చెప్పమన్నారు. ఆ మాట మైకులో వినపడగానే కొందరు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నారు. పరవాలేదు, పెట్టుకోండి. మేము కూడా పనిలో ముక్కుకు మాస్కు పెట్టుకొనే ఉంటాము. అయితే చివరిదాకా వినండి. చివర్లో మేము ఒకటి అడుగుతాము. అది ఇవ్వాలో వద్దో మీరే చేతులెత్తి చెప్పాల.

మా సంఘంలో పదిమందిమి ఉన్నాము. అందులో నలుగురం ఈ పని చేస్తాము. మేక, పొట్టేలు కాళ్ళ ఎముకలతో కమ్మలు, లాకెట్లు, పూసలు, చొక్కా గుండీలు చేస్తాము. ఎనుము కొమ్ముతో దువ్వెనలు, జడపిన్నులు, తాళంచెవుల బిళ్ళలు చేస్తాము. ఒకప్పుడు ఇదంతా ఉలితో, ఆకురాయితో చేసేవాళ్ళంట. మేము చేతిలో పెన్ను మాదిరి పట్టుకునే చిన్న మోటారు మిషన్ వాడతాము. పళ్ళ డాక్టరు పన్ను తొలిచేది, బంగారం పని చేసే ఆచారులు వాడేది ఇట్లాంటి మిషనే. కొనలో చిన్న బిట్టు గిర్రున తిరుగుతుంది. కోయడానికి ఒక బిట్టు, చెక్కడానికి ఒకటి, నునుపు చేయడానికి ఇంకొకటి మారుస్తాము.

ఇది ఎక్కడి నుంచో వచ్చిన కొత్త పని అనుకోవద్దండి. శిక్షణలో ఒక సారు చెప్పినాడు. మన కర్నూలు సీమలో బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలు ఉన్నాయి. 1880ల్లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే దొర, ఆయన కొడుకు ఆ గుహల్లో తవ్వించినారు. లెక్కలేనన్ని జంతువుల ఎముకలు దొరికినాయి. వాటిలో మనిషి చేత్తో చెక్కి వాడుకున్న ఎముక పనిముట్లు కూడా ఉన్నాయన్నారు. తర్వాత 1970ల్లో ముచ్చట్ల చింతమాను గవి అనే గుహలోనూ ఎముక పనిముట్లు బయటపడినాయి. ఇనుము పుట్టకముందు, ఊరు పుట్టకముందు, కులం పుట్టకముందు మన సీమ మనుషులు ఎముకను చెక్కినారు. ఈరోజుకూ ఉత్తరప్రదేశ్‌లో సంభల్ దగ్గర సరాయ్‌తరీన్ అనే ఊరు కొమ్ము, ఎముక పనికి పేరు పొందింది. ఒడిశాలో మన తెలుగువాళ్ళు కూడా ఉండే పర్లాకిమిడి కొమ్ము బొమ్మలకు పేరు.

ఇప్పుడు పని ఎట్లా చేస్తామో చెప్తాము. ఎవరైనా మొదలు పెట్టాలనుకుంటే పనికొస్తుంది.

మాంసం అంగడి నుంచి ఎముక తెచ్చిన రోజే కండ, నరం గీకేస్తాము. రెండు కొనలు కోసి పారేస్తాము. కొనల్లో ఎముక బెండు మాదిరి ఉంటుంది, చెక్కడానికి పనికిరాదు. నడిమి గొట్టమే గట్టిది. లోపలి మూలుగ పుల్లతో తోసేస్తాము. తర్వాత సన్నని సెగ మీద వేడి చేస్తాము. పప్పు మాదిరి కుతకుత ఉడకబెట్టకూడదు. ఎక్కువ ఉడికితే ఎముక బలం పోతుంది, కొవ్వు లోపలికి దిగుతుంది. ఆ తర్వాత గిన్నెల సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్ళలో నానేస్తాము. నీళ్ళ మీద జిడ్డు తేలడం ఆగేదాకా రోజూ నీళ్ళు మారుస్తాము. దీనికి వారం పట్టొచ్చు, మూడు వారాలు పట్టొచ్చు. ఇక్కడ తొందరపడితే కమ్మ అమ్మిన ఆరు నెలలకు పసుపు మరక తేలుతుంది, వాసన వస్తుంది. తెలుపు కోసం మందుల అంగట్లో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడతాము. బ్లీచింగ్ పౌడరు మాత్రం వాడము. అది ఎముకను లోపల్నుంచి తినేస్తుంది, కొన్నాళ్ళకు పిండి మాదిరి రాలుతుంది. చివరికి నీడలో ఆరబెడతాము. మన ఎండలో పెడితే పగులుతుంది.

కొమ్ము దారి వేరు. కొమ్ము మన గోరు, వెంట్రుక జాతిది. వేడి తగిలితే మెత్తబడుతుంది, చెక్కల మధ్య పెట్టి బిగిస్తే పలక మాదిరి అవుతుంది. ఎముక అట్లా వంగదు.

మిషన్ దగ్గర మాకు తెలిసింది ఒకటే, చెయ్యి తేలిగ్గా ఉండాల. అదిమితే బిట్టు వేడెక్కి ఎముక మాడి నల్లబడుతుంది. జుట్టు కాలిన వాసన వచ్చిందంటే వెంటనే ఎత్తేయాల. చెక్కడం అయినాక ఉప్పు కాగితంతో, ముందు గరుకుది, తర్వాత సన్నది, వరసగా రుద్దుతాము. ఆఖరున మైనం పూసి గుడ్డతో తుడిస్తే మెరుపు వస్తుంది.

పనికి కూర్చునే ముందు కొంగు బొడ్లో దోపుకుంటాము, జడ ముడి వేసుకుంటాము, గాజులు, నల్లపూసలు తీసి డబ్బాలో పెడతాము. "గాజులు తీసేదేంది, అపశకునం" అన్న అత్తలు ఉన్నారు. నిమిషానికి వేల చుట్లు తిరిగే బిట్టుకు శకునం తెలియదు. దారం చిక్కినా, వెంట్రుక చిక్కినా లాగేస్తుంది. కంటికి అద్దాలు లేకుండా మిషన్ ఆన్ చేయము. తడి చేత్తో ప్లగ్గు ముట్టము. అరగంటకొకసారి మిషన్ పక్కన పెట్టి వేళ్ళు ఆడిస్తాము. ఆ అదురుకు వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, అలవాటుగా మారితే తిమ్మిరి నిలిచిపోతుందని చెప్పినారు.

అన్నింటికన్నా పెద్ద విషయం దుమ్ము. ఎముక దుమ్ము గోధుమపిండి కన్నా సన్నగా ఉంటుంది. కంటికి కనపడేది కింద పడుతుంది, కనపడనిది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దీనికి కొంగు చాలదు, గుడ్డ మాస్కు చాలదు. ఎన్95 మాస్కు ముక్కు దగ్గర గాలి పోకుండా నొక్కి పెట్టుకోవాల. ముక్కను మధ్య మధ్య నీళ్ళలో ముంచి చెక్కితే దుమ్ము తక్కువ లేస్తుంది. పొరకతో పొడిగా ఊడ్చకూడదు, తడిగుడ్డతో తుడవాల. ఆ దుమ్మును, ముక్కలను మేము నిమ్మచెట్టు పాదులో పూడుస్తాము, చెట్టుకు మంచి ఎరువు.

ఎముక ఎక్కడిదో కూడా చూడాల. చేలో, వంకలో చచ్చిపడిన పశువు ఎముక ఎంత బాగా తెల్లబడి ఉన్నా మేము ముట్టము. దొమ్మ రోగంతో చచ్చిన పశువైతే ఆ విషం మట్టిలో, ఎముకలో ఏండ్ల తరబడి ఉంటుంది, మామూలు ఉడుకుకు చావదు. అందుకే తెలిసిన మాంసం అంగడి నుంచే తెస్తాము, తెచ్చిన రోజు పుస్తకంలో రాస్తాము.

ఇంకొక మాట గట్టిగా చెప్పాల. మనకు ఒకవైపు పాలకొండలు, శేషాచలం అడవి. పుల్లలకు, పశువులకు పోయినవాళ్ళకు దుప్పి కొమ్ము, కణితి కొమ్ము దొరుకుతుంటుంది. "అది ఏటా రాలిపోయేదే కదా, ఎవరినీ చంపలేదు కదా" అంటారు. నిజమే, రాలుతుంది. అయినా 1972 వన్యప్రాణి చట్టం కింద రాలిన కొమ్మును ఇంట్లో పెట్టుకోవడం, అమ్మడం నేరమే. అలుగు పొలుసు, ఉడుము, పులిగోరు, ఏనుగు దంతం అన్నీ అంతే. రాలిన కొమ్ముకు ధర కడితే రేపు ఎవడో నిలబడిన దుప్పిని కొడతాడు. ఎర్రచందనం విషయంలో మన పల్లెల్లో ఏం జరిగిందో మీకు మేము చెప్పాల్నా? కొట్టించినవాడు ఎక్కడో ఉంటాడు, జైలుకు పోయేది కూలికి పోయినవాడు. మా దగ్గరికి ఒక వ్యాపారి వచ్చి, దుప్పి కొమ్ముతో కత్తి పిడులు చేసిస్తే కమ్మలకు ఇచ్చే దానికి పది రెట్లు ఇస్తానన్నాడు. నలుగురం కూర్చొని మాట్లాడుకొని వద్దన్నాము. తీర్మానం పుస్తకంలో రాసి సంతకాలు పెట్టుకున్నాము.

లెక్క కూడా చెప్తాము, సంఘం అంటే లెక్కే కదా. ఒక జత కమ్మలకు చెక్కడం, రుద్దడం కలిపి రెండు గంటలు. బిట్టు అరుగుదల, మాస్కు, ఉప్పు కాగితం, కొక్కెం, కరెంటు అన్నీ కలిపి 25 రూపాయలు. ఊరికి వచ్చి కొనేవాళ్ళు జతకు 40 ఇస్తామంటారు. అంటే రెండు గంటలకు 15 రూపాయలు, ఎనిమిది గంటలు వంగి కూర్చుంటే 60. ఉపాధి పనికి పోతే రోజుకు దీనికన్నా చాలా ఎక్కువ వస్తుంది. అందుకే ఆ ధరకు ఇవ్వము. మేళాల్లో మేమే కూర్చొని జత 150కి అమ్ముతాము. రోజూ అమ్ముడు పోవు, అది కూడా నిజమే. ఈ పని ఇంటిని మొత్తం నడపదు. పొలం పని లేని నెలల్లో మా కంతులు ఆగకుండా చూసింది. బ్యాంకు లింకేజి అప్పులో ఈ నలుగురివి ఒక్క కంతు తప్పలేదు.

ఇక మేము అడగబోయేది.

ఇప్పుడు మేము ఈ పని ఎవరిండ్లలో వాళ్ళు చేస్తా ఉన్నాము. రెండు గదుల ఇల్లు. ఒక గదిలో మిషన్, పక్క గదిలో పిల్లోళ్ళు పడుకుంటారు. మేము మాస్కు పెట్టుకుంటాము, ఊయల్లో బిడ్డకు ఎవరు పెడతారు? మాలో ఒకామె నెల తప్పగానే పని మానిపించినాము, ఆమె ఇంట్లో మిషన్ ఆగింది, ఆదాయం కూడా ఆగింది. సంఘం భవనం వెనక వైపు ఒక గది ఖాళీగా ఉంది. దాన్ని మాకు పని గదిగా ఇవ్వండి. గాలి బయటికి తోసే ఫ్యాను మేమే అప్పుగా తీసుకొని పెట్టుకుంటాము, అద్దె కడతాము.

దీనికి కొందరు ఒప్పుకోలేదని మాకు తెలుసు. "ఏందమ్మా, దేవుడి పటాలున్న భవనంలోకి ఎముకలు తెస్తారా" అన్నారు. ఆ మాట వెనక ఇంకో మాట ఉంది. ఎముక, తోలు, కొమ్ము ముట్టేవాళ్ళు ఎవరు అని. మాలో మాలపల్లె వాళ్ళం ఉన్నాము, సాయిబుల ఇంటి ఆమె ఉంది, రెడ్ల ఇంటి కోడలు కూడా ఉంది. ఆ కోడలు ఈ పనిలో చేరినాక ఆమెకు సొంత ఇంట్లోనే గ్లాసు వేరు పెట్టినారు. ఆమె మానలేదు.

అక్కలారా, గుళ్ళో ఊదే శంఖం సముద్రంలో ఒక జీవి గుల్ల. భజనలో వాయించే మృదంగానికి ఉండేది తోలు. వాటికి లేని మైల మా కమ్మలకు ఎట్లా వచ్చింది? దేవుడు అందరికీ ఒకడేనని పాడిన అన్నమయ్య పుట్టిన తాళ్లపాక మనకు పక్కనే ఉంది. పొదుపు పుస్తకంలో మన పేర్లు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. అప్పుకు ఒకరికొకరం పూచీ ఉంటాము. ఒక గదిలో కూర్చోవడానికి వెనకాడొద్దు.

గది ఇస్తే మా నియమాలు ఇవి. మాస్కు, కళ్ళద్దాలు లేనివాళ్ళు మిషన్ ముట్టరాదు. పిల్లలు, గర్భిణులు లోపలికి రారాదు. అడవి జంతువుది ఏదీ గడప దాటరాదు. నానేసిన నీళ్ళు కాలువలో వదలరాదు, గుంటలోనే పోయాల. ఆరు నెలలకొకసారి అందరం ఆస్పత్రిలో ఊపిరి పరీక్ష చేయించుకోవాల. సోషల్ ఆడిట్ అక్కలు ఎప్పుడైనా వచ్చి చూడొచ్చు.

మా మాట అయిపోయింది. బయట బల్ల మీద కమ్మలు, దువ్వెనలు పెట్టినాము. చేత్తో ముట్టి చూడండి, వాసన చూడండి, తర్వాత వచ్చి చేతులెత్తండి.